నిషిజాకా కొండ మీద ఇరవై ఆరుగురు: జపాన్ మిషనరీల ధైర్యాన్ని ఎలా చూడాలి?

2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 వరకు గోవాలో 16వ శతాబ్దపు మిషనరీ పునీత ఫ్రాన్సిస్ శౌరి (జేవియర్) పార్థివదేహాన్ని భక్తుల సందర్శనకు ఉంచారు. పదేళ్లకోసారి వచ్చే ఈ వేడుకతో పాటే ఒక పాత తగవు కూడా తిరిగి వస్తుంది. ప్రాణాలకు తెగించి ముక్కూముఖం తెలియని దేశాలకు వెళ్లిన మహానుభావులు ఈ మిషనరీలని ఒకరంటారు. వలస రాజ్యాల ఓడల్లో వచ్చి స్థానిక ఆచారాలను తుడిచిపెట్టినవాళ్లని మరొకరంటారు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. లేకపోతే ఈ తగవు ఎప్పుడో తేలిపోయేది.

అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టి మాట్లాడినంతకాలం ఇది తేలదు. మెక్సికోలో మిషనరీల వెనుక స్పెయిన్ సైన్యం ఉంది. గోవాలో పోర్చుగీసు పాలకులున్నారు, 1560 నుంచి మతం తప్పినవారిని విచారించే ఇంక్విజిషన్ న్యాయస్థానమూ ఉంది. జపాన్‌లో ఇవేవీ లేవు. ఆ దేశాన్ని యూరపు రాజ్యమేదీ జయించలేదు. అక్కడికి వెళ్లిన గురువు (కతోలిక పాద్రీ) ఆపదలో పడితే విడిపించడానికి ఏ సేనా రాదు. కాబట్టి మిషనరీ ధైర్యాన్ని రాజ్యబలం నుంచి విడదీసి చూడాలంటే జపాన్ చరిత్ర బాగా పనికొస్తుంది. పూర్తిగా విడదీయడం మాత్రం అక్కడా కుదరదు.

## ముందుగా తెలియాల్సిన కొన్ని మాటలు

మిషనరీ అంటే మతబోధ కోసం తన సంఘం పంపగా వెళ్లినవాడు. 16వ శతాబ్దంలో కతోలిక మిషనరీల్లో చాలామంది ఏదో ఒక మఠసభకు చెందినవారే. జపాన్ కథలో రెండు సభలు ముఖ్యం. ఒకటి యేసుసభ, దీని సభ్యులనే జెస్యూట్లు అంటారు. 1540లో పోపు ఆమోదం పొందిన ఈ సభ అప్పటికి పసిగుడ్డు. రెండోది 13వ శతాబ్దం నుంచీ ఉన్న ఫ్రాన్సిస్కన్ సభ. జెస్యూట్లు పోర్చుగల్ ఓడల్లో గోవా, మకావు మీదుగా జపాన్ చేరారు. ఫ్రాన్సిస్కన్లు స్పెయిన్ పాలనలోని మనీలా నుంచి వచ్చారు. ఇద్దరిదీ ఒకే విశ్వాసం, ఒకే పోపు. అయినా ఇద్దరి మధ్యా పొసగలేదు.

పద్రొవాదో అన్నది మరో మాట. తూర్పు దేశాల్లో మతకార్యాన్ని పోషించే హక్కును పోపులు పోర్చుగల్ రాజుకు ఇచ్చారు. పీఠాధిపతుల పేర్లు ప్రతిపాదించేది రాజు. గురువుల ప్రయాణ ఖర్చులు, పోషణ కూడా రాజు బాధ్యతే. ఈ ఏర్పాటులో రాజ్యం లేకుండా ఓడ కదలదు. రాజుల జోక్యం లేకుండా మతకార్యాన్ని నేరుగా రోము నుంచి నడపాలన్న ఆలోచనతో 1622లో పోపు 15వ గ్రెగరీ ఒక ప్రత్యేక కార్యాలయం ఏర్పాటు చేశాడు. అప్పటికి జపాన్‌లో జరగాల్సింది చాలావరకు జరిగిపోయింది.

ఇక వేదసాక్షి. విశ్వాసం విడిచిపెడితే బతకనిస్తామన్నా విడవకుండా ప్రాణమిచ్చినవాడని సాధారణంగా అర్థం చేసుకుంటాం. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, లెక్క ఇంకొంచెం బిగువైనది. చనిపోయినవాడు ఆ మరణాన్ని విశ్వాసం కోసం మనసారా స్వీకరించి ఉండాలి. చంపినవాడు ఆ విశ్వాసం మీది ద్వేషంతోనే చంపి ఉండాలి. కత్తి పట్టి పోరాడి చనిపోయినవాడు ఈ లెక్కలోకి రాడు. వేదసాక్షిగా రుజువైనవారిని ముందు ధన్యులుగా, ఆ తర్వాత పునీతులుగా ప్రకటిస్తారు. చంపినవాడి మనసులో ఏముందన్న రెండో షరతే జపాన్ విషయంలో పెద్ద చిక్కు తెచ్చింది.

## ఓడ ఎక్కడమే సాహసం

శౌరి 1541 ఏప్రిల్ 7న, తన 35వ పుట్టినరోజున, లిస్బన్‌లో ఓడ ఎక్కాడు. మొజాంబిక్‌లో నెలల తరబడి ఆగి, 1542 మే 6న గోవా చేరాడు. మొత్తం పదమూడు నెలల ప్రయాణం. నిలవ నీళ్లు, జ్వరాలు, విటమిన్ సి లోపంతో చిగుళ్లు కుళ్లే స్కర్వీ ఆ దారిలో మామూలే. తీరం చేరకముందే శవాలను సముద్రానికి అప్పగించని ఓడ అరుదు. (తెలుగు కతోలిక కుటుంబాల్లో శౌరయ్య, శౌరమ్మ, శౌరిరెడ్డి లాంటి పేర్లు ఈయన నుంచి వచ్చినవే. ఆయన పనిచేసింది మాత్రం ప్రధానంగా తమిళ ముత్యపుతీరంలో, తిరువాన్కూరులో.)

1547లో మలక్కాలో అంజిరో అనే జపాన్ మనిషి ఆయనకు తారసపడ్డాడు. కగోషిమాలో ఒక హత్య చేసి పారిపోయి వచ్చినవాడు. అతను చెప్పిన సంగతులు విని శౌరి జపాన్ ప్రయాణానికి సిద్ధమయ్యాడు. పోర్చుగీసు ఓడ దొరక్క ఒక చైనా వ్యాపారి ఓడలో బయలుదేరారు. ఆ వ్యాపారిని మలక్కా రేవులో అంతా సముద్రపు దొంగ అనే పిలిచేవారట. 1549 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, కగోషిమా తీరంలో దిగారు. శౌరి వెంట కోస్మే ద తోరెస్ అనే గురువు, హువాన్ ఫెర్నాండెజ్ అనే బ్రదరు (గురుపట్టం లేని మఠసభ్యుడు), అంజిరో ఉన్నారు.

అక్కడి చలికాలంలో శౌరి చక్రవర్తిని చూడాలని మంచులో కాలినడకన క్యోటో దాకా వెళ్లాడు. దేశాధినేత అనుమతి ఇస్తే చాలు, అంతా సులువవుతుందని ఆయన ఆశ. తీరా చూస్తే యుద్ధాలతో క్యోటో సగం పాడుబడి ఉంది, చక్రవర్తి పేరుకే మిగిలాడు. పట్టుమని రెండు వారాలైనా ఉండకుండా వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత శౌరి పద్ధతి మార్చాడు. చినిగిన అంగీ తీసేసి పట్టుబట్టలు కట్టాడు. గోవా నుంచి తెచ్చిన లేఖలు, ఒక గడియారం, కళ్లద్దాలు పట్టుకొని యమగుచి ప్రభువు ఓఉచి యోషితకా ముందుకు రాయబారిలా వెళ్లాడు. బోధించడానికి అనుమతి దొరికింది, ఉండటానికి ఖాళీ బౌద్ధమఠం కూడా దొరికింది. పేదరికంతో తెరుచుకోని తలుపు కానుకలతో తెరుచుకుంది. ఈ పాఠం మిషనరీలు బాగా గుర్తుపెట్టుకున్నారు. దాని మంచీ చెడూ రెండూ తర్వాత అనుభవించారు.

శౌరి జపాన్‌లో ఉన్నది రెండేళ్లకు కొద్దిగా ఎక్కువ. 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో, ప్రధాన భూభాగం చేర్చే పడవ కోసం ఎదురుచూస్తూ, 46 ఏళ్ల వయసులో చనిపోయాడు.

## బోధించింది ఎవరు?

మిషనరీల కథలు చెప్పేటప్పుడు యూరపు పేర్లే వినిపిస్తాయి. జపాన్‌లో మాట్లాడింది, వాదించింది, ఊరూరా తిరిగింది ఎక్కువగా జపనీయులే. వాళ్లలో మొదట చెప్పుకోవాల్సినవాడు లోరెన్సో. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోదానితో అంతంతమాత్రంగా చూస్తూ, బీవా అనే తంత్రీవాద్యం మీద కథాగానం చేసుకు బతికేవాడు. 1551లో యమగుచిలో శౌరి చేతుల మీదుగా జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్నాడు. ఆ తర్వాత యేసుసభలో చేరిన తొలి జపాన్ బ్రదరు ఆయనే. వీధిలో జనాన్ని కూర్చోబెట్టి కథ చెప్పడం తెలిసినవాడు కనుక, ఎంతో శ్రమపడి భాష నేర్చుకున్న విదేశీ గురువులకు చేతకానిది ఆయనకు అలవోకగా వచ్చేది.

1569లో క్యోటోలో జరిగిన ఒక ఘటనను లూయిస్ ఫ్రోయిస్ అనే జెస్యూట్ తన లేఖలో వివరంగా రాశాడు. అప్పటికి మహాబలవంతుడైన ఓదా నోబునాగా, తాను కట్టిస్తున్న కోట కందకం మీది వంతెన దగ్గర ఫ్రోయిస్‌ను కలిశాడు. వయసెంత, ఈ దేశానికి వచ్చి ఎన్నాళ్లయింది, మళ్లీ నిన్ను చూస్తామని మీవాళ్లు ఎదురుచూస్తున్నారా అని అడిగాడు. కొన్నాళ్లకు నోబునాగా సమక్షంలోనే ఆత్మ ఉందా లేదా అన్న చర్చ జరిగింది. ఒకవైపు నిచిజో అనే బౌద్ధ సన్యాసి, మరోవైపు ఫ్రోయిస్, లోరెన్సో. వాదం ముదిరి నిచిజో మూలనున్న ఆయుధం అందుకోబోయాడు. లోరెన్సో తల నరుకుతాను, మనిషిలో మిగిలి ఉంటుందంటున్న ఆ ఆత్మ ఏదో చూపించమన్నాడు. అక్కడున్నవాళ్లు పట్టి ఆపారు. కత్తి కిందకు వెళ్లబోయింది గుడ్డి కథకుడి తల. కథ చెప్పిన ఫ్రోయిస్‌ది కాదు.

వైద్యం కూడా ఈ కథలో భాగమే. లూయిస్ ద అల్మైదా పోర్చుగీసు వ్యాపారి, శస్త్రచికిత్స తెలిసినవాడు. వ్యాపారం మాని యేసుసభలో చేరి, 1557లో ఫునాయి పట్నంలో ఆసుపత్రి తెరిచాడు. కుష్ఠురోగులనూ చేర్చుకున్నాడు. జపాన్‌లో పాశ్చాత్య శస్త్రచికిత్స ఇక్కడే మొదలైందని చెబుతారు.

స్థానికులను ఎంత దగ్గరికి రానివ్వాలన్నదానిపై మిషనరీల్లోనే గట్టి విభేదం ఉంది. 1570లలో పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్కో కబ్రాల్‌కు జపనీయులంటే చిన్నచూపు. వాళ్లను గురువులుగా తయారుచేయడం ఆయనకు ఇష్టం లేదు. 1579లో పర్యవేక్షకుడిగా వచ్చిన అలెస్సాండ్రో వాలిన్యానో దీన్ని తిరగరాశాడు. జపాన్ మర్యాదలు, భోజన పద్ధతులు, కూర్చునే తీరు గురువులు నేర్చుకోవాలన్నాడు. జపాన్ పిల్లలకు సెమినరీలు, అంటే గురువులను తయారుచేసే బడులు, పెట్టించాడు. 1582లో నలుగురు జపాన్ కుర్రవాళ్లను రోముకు రాయబారులుగా పంపాడు. వాళ్లు 1590లో అచ్చుయంత్రం వెంటబెట్టుకొని తిరిగొచ్చారు. ఆ నలుగురిలో జూలియన్ నకౌరా అనే పేరు గుర్తుంచుకోవాలి.

## పట్టు మూటలు, ప్రభువుల మతమార్పిడి

విమర్శకుల వాదనకు బలం ఇక్కడుంది. మకావు నుంచి ఏటా వచ్చే పోర్చుగీసు ఓడలో చైనా పట్టు ఉండేది, జపాన్ ప్రభువులకు అది కావాలి. ఏ రేవులో గురువులకు ఆదరణ ఉంటే ఓడ ఆ రేవుకే వచ్చేలా చూడటం మిషనరీలకు సాధ్యమైంది. 1563లో ఓమురా సుమితాదా జ్ఞానస్నానం తీసుకున్న తొలి పెద్ద ప్రభువయ్యాడు. 1580లో ఆయన నాగసాకి రేవును ఏకంగా యేసుసభకే అప్పగించాడు. మిషన్ ఖర్చుల కోసం జెస్యూట్లు పట్టు వ్యాపారంలో వాటా కూడా పెట్టారు. సన్యాసులు వ్యాపారం చేయడమేమిటని ఆనాడే కతోలికుల్లోనూ ప్రశ్న వచ్చింది. చేయకపోతే సెమినరీ పిల్లలకు అన్నం ఎక్కడిదని వాలిన్యానో సమాధానం. రాజు పంపే డబ్బు ఏళ్లకేళ్లు అందని మాట నిజమే.

అంతకంటే బరువైన విషయం గుళ్ల ధ్వంసం. 1574లో ఓమురా ప్రాంతంలో బౌద్ధమఠాలను, షింటో మందిరాలను కూల్చారు, ప్రజలను సామూహికంగా మతం మార్పించారు. ప్రభువు ఆజ్ఞ అది, దాని వెనుక గురువుల ఒత్తిడీ ఉంది. జ్ఞానస్నానాల లెక్క పెరిగిందని లేఖల్లో సంతోషంగా రాసుకున్నారు. 1582 నాటికి క్రైస్తవులు లక్షన్నర అని జెస్యూట్ల అంచనా. అందులో ఎందరు మనసారా వచ్చారు, ఎందరు ప్రభువు మాట కాదనలేక వచ్చారు అన్నది ఆ లెక్క చెప్పదు. ఆ తర్వాతి హింసాకాలమే కొంత చెప్పింది: వేలమంది తేలిగ్గా వదిలేశారు, వేలమంది ప్రాణం పోయినా వదలలేదు.

## హిదెయోషి కళ్లతో చూస్తే

1587 జూలైలో దేశాన్ని ఏకం చేస్తున్న తొయొతొమి హిదెయోషి ఉన్నట్టుండి గురువులు ఇరవై రోజుల్లో దేశం వదలాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్నలు ఈనాడు చదివినా కొట్టిపారేసేవి కావు. జనాన్ని ఎందుకు బలవంతంగా మార్పిస్తున్నారు? గుళ్లు ఎందుకు పడగొడుతున్నారు? పోర్చుగీసులు మా మనుషులను కొని బానిసలుగా ఎందుకు తీసుకెళ్తున్నారు? జపాన్ బానిసలను కొనరాదని పోర్చుగల్ రాజు 1570ల మొదట్లోనే ఆజ్ఞ ఇచ్చినా వ్యాపారులు పట్టించుకోలేదు.

ఆ ఆజ్ఞకు కొద్దిరోజుల ముందే జెస్యూట్ల పెద్ద గాస్పర్ కొయెల్హో ఫిరంగులు బిగించిన ఓడలో వచ్చి హిదెయోషికి దాన్ని చూపించాడు. తర్వాత మనీలా నుంచి సైనిక సాయం కూడా అడిగాడు. వాలిన్యానో దీన్ని తీవ్రంగా ఖండించి, కూడబెట్టిన ఆయుధాలను వదిలించుకున్నాడు. మిషనరీలంతా ఆక్రమణ పన్నాగంలో ఉన్నారన్నది అతిశయోక్తి. అలాంటి ఆలోచన ఒక్కరికీ రాలేదన్నదీ అబద్ధమే.

వ్యాపారం మాత్రం కావాలి కనుక హిదెయోషి ఆజ్ఞను గట్టిగా అమలు చేయలేదు. గురువులు చప్పుడు చేయకుండా మిగిలిపోయారు. 1593లో మనీలా నుంచి పేద్రో బాప్తిస్తా నాయకత్వంలో ఫ్రాన్సిస్కన్లు వచ్చి క్యోటోలో బాహాటంగా బోధించడం మొదలుపెట్టారు. నెమ్మదిగా పోవాలని జెస్యూట్లు, దాక్కోవడం మా సంప్రదాయం కాదని ఫ్రాన్సిస్కన్లు. జపాన్‌ను యేసుసభకే కేటాయిస్తూ 1585లో పోపు ఇచ్చిన ఉత్తర్వు ఉండగా వీళ్లెలా వస్తారన్న కోపం ఒకటి.

## ఒక ఉదాహరణ: 1597 ఫిబ్రవరి 5

ఈ చిక్కుముడులన్నీ ఒక్క సంఘటనలో కలిశాయి. 1596 అక్టోబరులో మనీలా నుంచి మెక్సికో వెళ్తున్న సాన్ ఫెలీపె అనే స్పెయిన్ ఓడ తుపానుకు కొట్టుకొచ్చి షికోకు దీవిలోని తోసా తీరంలో చిక్కుకుంది. సరుకంతా హిదెయోషి మనుషులు స్వాధీనం చేసుకున్నారు. మా రాజు ముందు గురువులను పంపిస్తాడు, వెనుక సైన్యాన్ని పంపిస్తాడని ఓడ చుక్కాని చూసేవాడు గొప్పలు పోయాడని ఒక కథనం. నిజంగా అన్నాడా, సరుకు కాజేయడానికి కల్పించారా, ఎవరు ఎవరి మీద చాడీలు చెప్పారు అన్నదానిపై జెస్యూట్లు, ఫ్రాన్సిస్కన్లు అప్పటి నుంచే ఒకరినొకరు నిందించుకున్నారు.

క్యోటో, ఒసాకాల్లో 24 మందిని పట్టుకున్నారు. ఎడమ చెవి కొంత కోసి, బండ్ల మీద ఊరేగించి, నడి చలికాలంలో నాగసాకికి నడిపించారు. దాదాపు నెల రోజుల దారి. వాళ్లకు సపర్యలు చేస్తూ వచ్చిన ఇద్దరినీ మధ్యలో కలిపేశారు. అలా 26 మంది అయ్యారు. నాగసాకిలోని నిషిజాకా కొండ మీద శిలువలకు కట్టి ఈటెలతో పొడిచి చంపారు.

వీళ్లెవరో చూస్తే ‘విదేశీ మిషనరీల త్యాగం’ అన్న మాట సరిపోదని అర్థమవుతుంది. 26 మందిలో విదేశీయులు ఆరుగురే, ఆరుగురూ ఫ్రాన్సిస్కన్లు. నలుగురు స్పెయిన్‌వారు, ఒకరు మెక్సికోలో పుట్టిన ఫెలీపె. ఆరోవాడు గొన్సాలో గార్సియా, మన ముంబయి పక్కనున్న వసాయిలో పుట్టినవాడు. తండ్రి పోర్చుగీసు, తల్లి స్థానిక స్త్రీ అని చెబుతారు. కుర్రతనంలోనే జెస్యూట్ల వెంట జపాన్ వెళ్లి భాష బాగా నేర్చుకొని ఉపదేశిగా, అంటే మతపాఠాలు చెప్పేవాడిగా, పనిచేశాడు. యేసుసభలో చేర్చుకోమంటే చేర్చుకోలేదు. కొన్నాళ్లు వ్యాపారం చేసి, మనీలాలో ఫ్రాన్సిస్కన్ బ్రదరై, బాప్తిస్తాకు దుబాసీగా తిరిగి జపాన్ వచ్చాడు. భారతదేశంలో పుట్టి పునీతుడిగా ప్రకటన పొందిన తొలి వ్యక్తి ఆయనే. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

మిగిలిన ఇరవై మందీ జపనీయులు. ముగ్గురు యేసుసభకు చెందినవారు, పదిహేడుగురు గృహస్థులు: వంటవాడు, వడ్రంగి, దుబాసీలు, ఉపదేశులు. లూయిస్ ఇబరాకికి పన్నెండేళ్లు.

వాళ్లు వేదసాక్షులేనా? ఫిలిప్పీన్స్ నుంచి రాయబారులమంటూ వచ్చి నేను నిషేధించిన మతాన్ని బోధించారన్నది హిదెయోషి తీర్పు సారాంశం. అందులో రెండు కారణాలూ పెనవేసుకున్నాయి. ఇది రాజకీయ శిక్ష అనేవారు మొదటి సగాన్ని పట్టుకుంటారు: విదేశీ రాజ్యం మీది అనుమానం, ఓడ సరుకు తగాదా, ఆజ్ఞ ధిక్కారం. శ్రీసభ రెండో సగాన్ని పట్టుకుంటుంది: ఆ ఆజ్ఞే మతబోధ మీద నిషేధం కదా, వదిలేస్తే బతికేవారు కదా. ఆ ముగ్గురు యేసుసభ సభ్యుల్లో ఒకడైన పౌలు మికి శిలువ మీద నుంచే దీనికి తన జవాబు ఇచ్చాడని ఫ్రోయిస్ రాశాడు. తాను ఫిలిప్పీన్స్ నుంచి రాలేదని, జపాన్‌వాడినని, మరో నేరమేదీ చేయలేదని చెప్పి, హిదెయోషిని క్షమిస్తున్నానన్నాడు. వంటవాడికీ పన్నెండేళ్ల పిల్లవాడికీ స్పెయిన్ కుట్రతో సంబంధం కట్టడం కష్టం. కనుక ఆజ్ఞ వెనుక రాజకీయం ఉందన్నది నిజమే అయినా, ఆ ఇరవై మంది చావును రాజకీయంతో వివరించలేం. 1627లో వీరిని ధన్యులుగా, 1862లో పోపు 9వ పయస్ పునీతులుగా ప్రకటించారు. ఫిబ్రవరి 6 వీరి స్మరణ దినం.

## గోతిలో వేలాడదీసినప్పుడు

1614లో, హిదెయోషి తర్వాత అధికారానికి వచ్చిన తొకుగవా ప్రభుత్వం క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించింది. ఈసారి మాట మాటే. దాక్కున్న గురువును పట్టిస్తే వెండి ఇస్తామని కూడళ్లలో చెక్కపలకలు కట్టారు. 1682 నాటి పలక ప్రకారం పాద్రీకి 500 వెండి బిళ్లలు, బ్రదరుకు 300. 1622 సెప్టెంబరు 10న నాగసాకిలో ఒకే రోజు 55 మందిని కాల్చీ తల నరికీ చంపారు. చంపితే వీరులవుతున్నారని అధికారులకు త్వరలోనే అర్థమైంది. ఇక చంపడం మాని, వదిలేసేలా చేయడం మీద దృష్టి పెట్టారు. మనిషిని కట్టి, మలమూత్రాలున్న గోతిలో తలకిందులుగా వేలాడదీసేవారు. నెత్తురు నెమ్మదిగా కారేలా కణతల దగ్గర చిన్న గాటు పెట్టేవారు. ఒక్క చెయ్యి కదిపే వీలుంచేవారు, విశ్వాసం వదులుకుంటున్నట్టు సైగ చేయడానికి.

1633 అక్టోబరు 18న ఇలా వేలాడదీసిన బృందంలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. క్రిస్తొవావో ఫెరైరా, జపాన్ జెస్యూట్లకు పెద్ద. ఐదు గంటల తర్వాత విశ్వాసం విడిచిపెట్టేశాడు. ఆ తర్వాత జపాన్ పేరుతో, జపాన్ భార్యతో బతికి, పట్టుబడిన గురువుల విచారణలో ప్రభుత్వానికి దుబాసీగా పనిచేసి 1650లో చనిపోయాడు. రెండోవాడు జూలియన్ నకౌరా, కుర్రతనంలో రోము వెళ్లి పోపును చూసివచ్చిన నలుగురిలో ఒకడు. అప్పటికి ఆయన గురువు, వయసు మళ్లినవాడు. విడిచిపెట్టకుండా అక్టోబరు 21న ప్రాణం వదిలాడు.

ఫెరైరాను పిరికివాడనడం తేలిక. నిషేధం వచ్చాక ఆయన 19 ఏళ్లు ఇళ్ల గోడల వెనుక, పడవల అడుగున, కొండల్లో దాక్కొని విశ్వాసులకు సంస్కారాలు అందించాడు. ఆ 19 ఏళ్ల ధైర్యాన్ని ఐదు గంటలు రద్దు చేస్తాయా? శ్రీసభ గౌరవించేది చివరిదాకా నిలిచినవారిని, అది దాని పద్ధతి. చరిత్ర రాసేవాడు రెండు లెక్కలూ రాయాలి.

పేద్రో కిబే కథ మరీ విడ్డూరం. 1614లో మకావుకు బహిష్కరణకు గురైన జపాన్ సెమినరీ విద్యార్థి. అక్కడ గురుపట్టం ఇవ్వబోమన్నారు. గోవా వచ్చి, అక్కడి నుంచి పర్షియా, బాగ్దాద్, యెరూషలేము మీదుగా భూమార్గాన రోము చేరాడు. 1620లో గురుపట్టం పొందాడు, యేసుసభలో చేరాడు. ఇక అక్కడే ఉండిపోయి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. తిరుగు ప్రయాణం కట్టి, ఏళ్ల తరబడి దారులు వెతికి, 1630లో చావు ఖాయమని తెలిసిన దేశంలో దిగాడు. తొమ్మిదేళ్లు రహస్యంగా పనిచేసి ఉత్తర జపాన్‌లో పట్టుబడ్డాడు. 1639లో ఎదోలో, అంటే నేటి టోక్యోలో, గోతిలో పక్కనున్నవారికి ధైర్యం చెబుతున్నాడని బయటికి లాగి చంపారు. ఆయననూ నకౌరానూ కలిపి 188 మందిని 2008లో నాగసాకిలో ధన్యులుగా ప్రకటించారు.

ఆ 188 మందిలో గానీ, అంతకుముందు ప్రకటించినవారిలో గానీ షిమబరా మృతులు లేరు. 1637–38లో పన్నుల బాధ, మతహింస భరించలేక షిమబరా, అమకుసా రైతులు తిరగబడ్డారు. హరా కోటలో చిక్కుకొని దాదాపు అందరూ హతమయ్యారు. సంప్రదాయ లెక్క 37,000. జెండాల మీద క్రైస్తవ గుర్తులున్నాయి, నోట ప్రార్థనలున్నాయి. అయినా చేతిలో ఆయుధం ఉంది కనుక వేదసాక్షులు కారు. ప్రొటెస్టెంటులైన డచ్చివారు ప్రభుత్వం తరఫున ఆ కోట మీద ఫిరంగులు పేల్చారు. 1639లో పోర్చుగీసులను పూర్తిగా వెళ్లగొట్టారు.

## గురువులు లేని రెండు వందల ఏళ్లు

మిషనరీల చరిత్ర ఇక్కడితో అయిపోవాలి. అందరూ చనిపోయారు, లేదా వదిలేశారు. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధమఠంలో పేరు రాయించుకోవాలి. నాగసాకి ప్రాంతంలో ఏటా మరియమాత లేదా క్రీస్తు బొమ్మ చెక్కిన పలక మీద కాలుపెట్టి తొక్కి చూపించాలి. తొక్కి, ఇంటికొచ్చి క్షమించమని ప్రార్థించిన కుటుంబాలు ఉరకమి, సొతొమె, గోతో దీవులు, ఇకిత్సుకిలలో తరతరాలుగా మిగిలాయి. పండుగల తేదీలు లెక్కకట్టేవాడొకడు, జ్ఞానస్నానం ఇచ్చేవాడొకడు ఊళ్లో ఉండేవారు. లతీను ప్రార్థనలు అర్థం తెలియకుండానే నోటికి వచ్చేవి. కన్నోన్ అనే బౌద్ధ కరుణామూర్తి విగ్రహంలో మరియమాతను చూసుకునేవారు.

1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయంలోకి ఉరకమి పల్లెవాసులు కొందరు వచ్చారు. నిషేధం అప్పటికీ ఎత్తేయలేదు. విదేశీయుల ఉపయోగానికని ఆ గుడి కట్టించిన ఫ్రెంచి గురువు బెర్నార్ పెతీజాన్ ప్రార్థన చేసుకుంటుండగా ఒక స్త్రీ దగ్గరికొచ్చి, మీ మనసూ మా మనసూ ఒక్కటేనని మెల్లగా చెప్పింది. శాంతా మరియా విగ్రహం ఎక్కడుందని అడిగింది. ఆమె అడిగిన దానికి మూల్యం త్వరలోనే తెలిసింది. ఉరకమి క్రైస్తవులు సుమారు 3,400 మందిని దేశంలోని వేర్వేరు ప్రాంతాలకు తరలించారు, ఆరు వందల మందికి పైగా చనిపోయారు. పాశ్చాత్య దేశాల ఒత్తిడితో 1873లో నిషేధపు పలకలు దింపారు. ఈ ఊళ్లు, కోటలు, గుళ్లు కలిపి 12 స్థలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దాక్కున్నవారంతా తిరిగి కతోలికులైపోలేదు. పూర్వీకులు అప్పగించినదే మా మతమని చాలామంది విడిగా ఉండిపోయారు. కొత్తగా వచ్చిన ఫ్రెంచి గురువుల దృష్టిలో ఆ ఆచారాల్లో కొన్ని తప్పులు. రెండు వందల ఏళ్లు ప్రాణాలకు తెగించి కాపాడుకున్నదాన్ని తప్పనడం వాళ్లకు మింగుడు పడలేదు. ఇకిత్సుకిలో ఆ పాత ప్రార్థనలు చదివేవారు ఇప్పటికీ కొద్దిమంది ఉన్నారు.

## మూడు చూపులు

ఇప్పుడు మొదటి తగవుకు వద్దాం. భక్తుల చూపులో ఇది విశ్వాసం కోసం చేసిన త్యాగం. 1981లో పోపు రెండవ జాన్ పాల్, 2019లో పోపు ఫ్రాన్సిస్ నాగసాకి వెళ్లి నిషిజాకా కొండ మీద ప్రార్థించింది ఈ చూపుతోనే. విమర్శకుల చూపులో ఇది స్వదేశీ ధర్మాల మీద దాడి, దానికి రాజ్యం ఆత్మరక్షణగా ఇచ్చిన జవాబు. గుళ్ల ధ్వంసం, కొయెల్హో ఫిరంగులు, బానిస వ్యాపారం ఈ వాదానికి నిజమైన ఆధారాలే. అయితే 1597 నాటి ఆత్మరక్షణ వాదంతో 1682 నాటి వెండి బిళ్లల ఆశను, 1870 నాటి పల్లె జనం బహిష్కరణను సమర్థించడం కుదరదు. అప్పటికి పోర్చుగల్ భయమూ లేదు, స్పెయిన్ భయమూ లేదు. మూడో చూపు చరిత్రకారులది: ఈ కథలో ప్రధాన పాత్రలు జపాన్ క్రైస్తవులే, మిషనరీలు వచ్చిపోయినవారు. నాకు ఈ మూడోదే ఆధారాలకు దగ్గరగా కనిపిస్తుంది. అలాగని తొలి గురువుల సాహసం చిన్నబోదు. ఓడ ఎక్కినవాడికి వెనక్కి పోయే దారి కనీసం కాగితం మీదైనా ఉండేది. వాళ్లకు ఇల్లిచ్చి దాచిన రైతుకు అదీ లేదు. పట్టుబడితే ఇరుగుపొరుగు కుటుంబాలూ శిక్షలో భాగం పంచుకోవాలి.

జొవాన్ని సిదొత్తి సంగతి చూస్తే ఇది మరింత తెలుస్తుంది. 1708లో ఈ సిసిలీ గురువు సమురాయ్ వేషం కట్టుకొని ఒంటరిగా యకుషిమా దీవిలో దిగాడు. వెంటనే పట్టుబడ్డాడు. ఎదోలో ఆయనను విచారించిన పండితుడు అరాయ్ హకుసెకి ఆయన జ్ఞానానికి ముగ్ధుడయ్యాడు. ప్రభుత్వానికి మూడు దారులు సూచించాడు: తిరిగి పంపించడం, బందీగా ఉంచడం, చంపడం. మొదటిదే మేలన్నాడు. ప్రభుత్వం రెండోది ఎంచుకుంది. బందీఖానాలో ఆయనకు సేవచేసిన చోసుకె, హరు అనే దంపతులు ఆయన చేతి మీదుగా జ్ఞానస్నానం తీసుకున్నామని స్వయంగా ఒప్పుకున్నారు. దాంతో ముగ్గురినీ నేలమాళిగ గదుల్లో విడివిడిగా బంధించారు. సిదొత్తి 1714లో చనిపోయాడు, ఆ దంపతులూ అక్కడే పోయారు. 2014లో టోక్యోలో ఆ బందీఖానా ఉన్న చోట తవ్వినప్పుడు మూడు అస్థిపంజరాలు దొరికాయి. డీఎన్ఏ పరీక్షల్లో ఒకటి ఇటలీ మనిషిదని తేలింది, అది సిదొత్తిదని 2016లో ప్రకటించారు. మిగిలిన రెండూ చోసుకె, హరులవని భావిస్తున్నారు.